రోగ్ పాత్ర మల్టీక్లాసింగ్ (డంజన్స్ అండ్ డ్రాగన్స్)

రోగ్ మల్టీక్లాసింగ్ అనగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటలో రోగ్ క్లాసుకు చెందిన పాత్ర, ఆ క్లాసుతో పాటు మరొక క్లాసులో కూడా స్థాయిలు సంపాదించుకొనే పద్ధతి. ఈ ఆటలో క్లాసు అంటే పాత్ర యొక్క వృత్తి అనుకోవచ్చును. యోధుడు (ఫైటర్), మంత్రవేత్త (విజర్డ్), పూజారి (క్లెరిక్) మొదలైనవి ఇతర క్లాసులు. రోగ్ అనే మాటకు ధూర్తుడు, టక్కరి అని అర్థం చెప్పుకోవచ్చును గాని, ఈ క్లాసుకు చెందిన పాత్ర తప్పనిసరిగా దొంగ కానవసరం లేదు. గూఢచారి, వేగు, పాడుబడిన కట్టడాలను శోధించేవాడు, తాళాల నిపుణుడు అందరూ ఈ క్లాసు కిందికే వస్తారు. అందువలన ఈ వ్యాసంలో రోగ్ అనే మాటనే వాడడం జరిగింది.

ఆట స్వరూపం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు రూపొందించగా, 1974లో టీఎస్ఆర్ అనే సంస్థ ప్రచురించింది. కొద్దిమంది ఆటగాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, కథను మాటలతో నడుపుతారు. డంజన్ మాస్టర్ అనే వ్యక్తి ఆ లోకాన్ని, అందులోని శత్రువులను, సంఘటనలను వర్ణిస్తాడు. ఫలితం సందేహాస్పదమైనపుడు ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకుంటారు. పాత్ర 1వ స్థాయిలో మొదలై అనుభవం కూడిన కొద్దీ 20వ స్థాయి వరకు ఎదగవచ్చును.

ఈ ఆటలో గెలుపు ఓటములు ఒక్క పూటతో తేలిపోవు. ఒకే పాత్రను నెలల తరబడి, కొన్నిచోట్ల సంవత్సరాల తరబడి ఆడతారు. ఒక స్థాయిలో తీసుకున్న నిర్ణయాన్ని సాధారణంగా వెనుకకు తీసుకోవడానికి వీలుండదు. అందువలననే రెండవ క్లాసును ఎప్పుడు, ఏది, ఎన్ని స్థాయిల వరకు తీసుకోవాలి అన్న ప్రశ్న ఆటగాళ్ళకు చాలా ముఖ్యమైనది. పాత్ర బలహీనపడితే నష్టం ఆ ఒక్కరితో ఆగదు. ఆపద సమయంలో ఆ పాత్రపై ఆధారపడిన జట్టు మొత్తం చిక్కులలో పడుతుంది.

రోగ్ క్లాసు లక్షణాలు

రోగ్ బలం అంతా స్నీక్ అటాక్ (పొంచి కొట్టే దెబ్బ) లో ఉన్నది. 2014లో వచ్చిన 5వ కూర్పు నియమాల ప్రకారం, శత్రువుపై పాచిక రెండుమార్లు వేసి పెద్దదానిని తీసుకొనే సౌకర్యం (దీనినే అడ్వాంటేజ్ అంటారు) ఉన్నప్పుడు గాని, ఆ శత్రువుకు 5 అడుగుల లోపల రోగ్ సహచరుడు ఎవరైనా పోరాడుతున్నప్పుడు గాని రోగ్ దెబ్బకు అదనపు పాచికలు కలుస్తాయి. 1వ స్థాయిలో ఒక ఆరుముఖాల పాచిక, ఆ తరువాత ప్రతి బేసి స్థాయిలో ఒకటి చొప్పున పెరిగి 19వ స్థాయికి పది పాచికలు అవుతాయి. ఒక వంతులో (టర్న్) ఒక్కసారి మాత్రమే ఈ లాభం కలుగుతుంది. వాడే ఆయుధం కూడా చురుకుగా తిప్పగల ఫినెస్ జాతిదో, దూరం నుంచి ప్రయోగించేదో అయి ఉండాలి.

మిగిలిన లక్షణాలలో ముఖ్యమైనవి: 1వ స్థాయిలో కొన్ని నైపుణ్యాలలో రెట్టింపు ప్రావీణ్యం (ఎక్స్‌పర్టీజ్), 2వ స్థాయిలో పరుగెత్తడం, తప్పుకోవడం, దాగుకోవడం అనే పనులను ప్రధాన చర్య ఖర్చు కాకుండా బోనస్ చర్యగా చేయగల కన్నింగ్ యాక్షన్, 3వ స్థాయిలో ఉపక్లాసు, 5వ స్థాయిలో తగిలిన దెబ్బను సగానికి తగ్గించుకొనే అన్‌కానీ డాడ్జ్, 7వ స్థాయిలో అగ్నిగోళం వంటివాటి నుండి తప్పుకొనే ఇవేజన్.

రోగ్ బలహీనత కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక వంతులో ఒక్క దెబ్బ మీదనే ఆధారపడడం వలన అది గురి తప్పితే ఆ వంతు దాదాపు వృథా అయినట్లే. రెండవ క్లాసు కోసం చూసేవారిలో చాలామంది ఈ లోటును పూడ్చుకోవడానికే చూస్తారు.

చరిత్ర

1974 నాటి మూలగ్రంథంలో ఈ క్లాసు లేదు. కాలిఫోర్నియా ఆటగాళ్ళ ఆలోచన ఆధారంగా గైగాక్స్ దీనిని థీఫ్ అనే పేరుతో రూపొందించగా, 1975లో గ్రేహాక్ అనే అనుబంధ గ్రంథంలో చేరింది. ఫ్రిట్జ్ లీబర్ కథలలోని గ్రే మౌజర్ అనే పాత్ర ఈ ఆట సృష్టికర్తలకు స్ఫూర్తినిచ్చినవాటిలో ఒకటి. ఆ పాత్ర మొదట ఒక మాంత్రికుని శిష్యుడు, తరువాత దొంగ, కత్తి తిప్పడంలో దిట్ట. అంటే మల్టీక్లాసింగ్ అనే ఆలోచన ఈ క్లాసుకు పుట్టుకతోనే వచ్చినదని చెప్పవచ్చును.

1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ లో రెండు వేరువేరు పద్ధతులు ఉండేవి. ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్ వంటి మానవేతర జాతులవారు రెండు మూడు క్లాసులను ఏకకాలంలో సాధన చేసేవారు. సంపాదించిన అనుభవాన్ని వాటి మధ్య సమానంగా పంచేవారు. మానవులు మాత్రం అలా చేయడానికి వీలులేదు. వారు ఒక క్లాసును పూర్తిగా విడిచిపెట్టి మరొకదానిని మొదటి నుంచి ప్రారంభించవలసి ఉండేది. దీనికి పాత క్లాసు యొక్క ప్రధాన గుణంలో 15, కొత్తదానిలో 17 ఉండాలి. కొత్త క్లాసు స్థాయి పాతదానిని దాటేవరకు పాత విద్యలను వాడుకుంటే ఆ సాహసంలో వచ్చే అనుభవాన్ని వదులుకోవలసి వచ్చేది. చాలా కఠినమైన నియమమే. ఆ పుస్తకంలోని బార్డ్ (గాయకుడు) పాత్రది మరీ విచిత్రమైన మార్గం. ముందు ఫైటర్‌గా, తరువాత థీఫ్‌గా కొన్ని స్థాయిలు గడిపి, ఆపైన డ్రూయిడ్ల వద్ద శిక్షణ పొందితే గాని బార్డ్ కావడం కుదిరేది కాదు.

1989 నాటి 2వ కూర్పులో థీఫ్, బార్డ్ క్లాసులను కలిపి రోగ్ అనే వర్గంగా చూపించారు. 1997లో టీఎస్ఆర్ సంస్థను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుగోలు చేసింది. ఆ సంస్థ 2000లో విడుదల చేసిన 3వ కూర్పులో థీఫ్ పేరు పోయి, క్లాసుకే రోగ్ అన్న పేరు స్థిరపడింది. మల్టీక్లాసింగ్ జాతిభేదం లేకుండా అందరికీ అందుబాటులోకి వచ్చింది. స్థాయి పెరిగిన ప్రతిసారీ ఏ క్లాసు కావాలో ఆటగాడే ఎన్నుకోవచ్చును. అయితే క్లాసుల స్థాయిల మధ్య తేడా ఎక్కువైతే అనుభవంలో 20 శాతం కోత పడేది. జాతికి అనుకూలమైన క్లాసుకు ఈ లెక్క వర్తించదు. హాఫ్లింగ్ జాతికి అనుకూలమైన క్లాసు రోగ్ కావడం అప్పటి ఆటగాళ్ళు బాగా ఉపయోగించుకున్న సంగతి.

3వ కూర్పులో 1వ స్థాయి నైపుణ్య అంకాలు నాలుగు రెట్లు లభించేవి. బుద్ధి గుణం వలన 2 కలిసే పాత్రను తీసుకుంటే, రోగ్‌తో మొదలుపెట్టి తరువాత ఫైటర్ అయినవానికి రెండు స్థాయిలకు 40, 4 కలిపి 44 అంకాలు వస్తాయి. అదే పాత్ర ఫైటర్‌తో మొదలుపెట్టి తరువాత రోగ్ అయితే 16, 10 కలిపి 26 మాత్రమే. చేరిన గమ్యం ఒకటే, వరుస మారినందుకు 18 అంకాల తేడా. రోగ్ కానివారు సైతం మొదటి స్థాయిని రోగ్‌గా తీసుకోవడానికి ఇదే కారణం. ఈ కాలంలోనే ఆర్కేన్ ట్రిక్‌స్టర్, అసాసిన్, షాడోడాన్సర్ వంటి ప్రెస్టీజ్ క్లాసులు రోగ్ పాత్రలకు ఆదరణీయమయ్యాయి. 2003 నాటి 3.5 కూర్పులో ఆర్కేన్ ట్రిక్‌స్టర్ కావడానికి మూడవ అంతస్తు మంత్రాలు, రెండు పాచికల స్నీక్ అటాక్ రెండూ కావాలి. కనుక మూడు స్థాయిలు రోగ్, ఐదు స్థాయిలు విజర్డ్ అన్నది వాడుకలో ఉన్న దారి.

2008 నాటి 4వ కూర్పు ఈ స్వేచ్ఛను బాగా తగ్గించి, మరొక క్లాసు విద్యలను ఫీట్ అనే చిన్న అర్హతల ద్వారా రుచి చూడనిచ్చింది. 2014లో 5వ కూర్పు మళ్ళీ స్థాయిల పద్ధతికే వచ్చింది గాని, దానిని డంజన్ మాస్టర్ అనుమతిపై ఆధారపడిన ఐచ్ఛిక నియమంగా పేర్కొన్నది. 2024లో ఆ నియమాలను సవరించి కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ విడుదల చేశారు.

5వ కూర్పు నియమాలు

రోగ్ మరొక క్లాసులోకి వెళ్ళాలంటే అతని డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 13 ఉండాలి. వెళ్ళదలచిన క్లాసు కోరే గుణం కూడా 13 ఉండాలి. విజర్డ్‌కు బుద్ధి, క్లెరిక్‌కు వివేకం, బార్డ్, వార్‌లాక్‌లకు ఆకర్షణ, బార్బేరియన్‌కు బలం కావాలి. రేంజర్, మంక్ క్లాసులకు చురుకుదనం, వివేకం రెండూ, పాలడిన్‌కు బలం, ఆకర్షణ రెండూ అవసరం. ఫైటర్‌కు బలం గాని, చురుకుదనం గాని ఉంటే చాలు. కాబట్టి రోగ్‌కు అదనపు ఖర్చు లేకుండా తెరుచుకొనే తలుపు ఫైటర్ క్లాసు ఒక్కటే.

ప్రావీణ్య అంకం (ప్రొఫిషెన్సీ బోనస్) పాత్ర మొత్తం స్థాయిని బట్టి పెరుగుతుంది. కాని స్నీక్ అటాక్ పాచికలు రోగ్ స్థాయిలను బట్టి మాత్రమే పెరుగుతాయి. గుణాలను పెంచుకొనే అవకాశం కూడా ఆయా క్లాసులో 4వ స్థాయికి చేరితే గాని రాదు. అందుచేత రెండవ క్లాసులో మూడు స్థాయిలు తీసుకొని ఆపేసినవాడు ఆ అవకాశాన్ని గుమ్మం వద్ద వదిలేసినట్లు అవుతుంది.

మొదటి స్థాయి ఏ క్లాసుది అన్నది ఇప్పటికీ ముఖ్యమే. రోగ్‌గా మొదలుపెడితే నాలుగు నైపుణ్యాలు వస్తాయి. తరువాత రోగ్‌లో చేరినవారికి ఒక్కటే వస్తుంది. ఫైటర్‌గా మొదలుపెడితే భారీ కవచం ధరించే అర్హత, దేహదారుఢ్యం మీద ఆధారపడిన ఆపదలను తట్టుకొనే ప్రావీణ్యం లభిస్తాయి. మధ్యలో చేరినవారికి ఈ రెండూ రావు.

ఫైటర్

రోగ్ ఎంపికలలో ఎక్కువమంది ముందుగా చూసేది ఇదే. మొదటి స్థాయిలోనే ఒక పోరాట శైలి దొరుకుతుంది. విల్లు వాడేవారికి ఆర్చరీ శైలి వలన గురికి 2 కలుస్తుంది. ఒకే దెబ్బ మీద బ్రతికే రోగ్‌కు ఇది చాలా విలువైనది. 2వ స్థాయిలో యాక్షన్ సర్జ్ అనే శక్తితో ఒక వంతులో రెండవ ప్రధాన చర్య చేయవచ్చును.

యాక్షన్ సర్జ్ వలన స్నీక్ అటాక్ రెండుసార్లు వస్తుందని కొత్త ఆటగాళ్ళు భావిస్తుంటారు. ఇది సరికాదు. ఆ లాభం వంతుకు ఒక్కసారే. అయితే నియమంలో చెప్పినది వంతుకు ఒకసారి అని గాని, ఆవృతానికి (రౌండ్) ఒకసారి అని కాదు. ఒక చర్యతో వెంటనే కొట్టి, రెండవ చర్యను రెడీ చేసి ఉంచి, మరొకరి వంతులో ప్రతిచర్యగా (రియాక్షన్) కొడితే అది వేరే వంతు కనుక స్నీక్ అటాక్ మళ్ళీ వర్తిస్తుంది. 3వ స్థాయిలో బాటిల్ మాస్టర్ ఉపక్లాసు తీసుకున్నవారికి రిపోస్ట్ అనే ఎత్తు ద్వారా ఇదే లాభం మరింత సులువుగా దొరుకుతుంది. శత్రువు తమపై గురి తప్పిన క్షణంలో తిరిగి కొట్టవచ్చును. కాని ప్రతిచర్య ఆవృతానికి ఒక్కటే. దానిని కొట్టడానికి ఖర్చు చేసినవాడు అన్‌కానీ డాడ్జ్ తో తన ప్రాణం కాపాడుకోలేడు.

ఫైటర్ 5వ స్థాయిలో ఒకే చర్యలో రెండు దెబ్బలు వస్తాయి. మొత్తం 10వ స్థాయిలో ఉన్న రెండు పాత్రలను పోల్చి చూడవచ్చును. ఇద్దరికీ రేపియర్ అనే సన్నని ఖడ్గం, చురుకుదనం వలన 5 అదనం ఉన్నాయనుకుందాం. ఖడ్గం దెబ్బ సగటు 9.5. దెబ్బ తగిలే అవకాశం 65 శాతం. 10 స్థాయిలూ రోగ్ అయినవానికి స్నీక్ అటాక్ ఐదు పాచికలు, సగటు 17.5. కనుక వంతుకు సగటున (9.5 + 17.5) × 0.65 = 17.55. ఐదు రోగ్, ఐదు ఫైటర్ అయినవానికి రెండు దెబ్బల నుంచి 12.35, మూడు పాచికల స్నీక్ అటాక్ సగటు 10.5. రెండు దెబ్బలలో కనీసం ఒకటి తగిలే అవకాశం 87.75 శాతం కనుక దాని నుంచి 9.21. మొత్తం 21.56. పాచికలు రెండు తగ్గినా సగటు పెరగడానికి కారణం గురి తప్పినా మరొక అవకాశం మిగలడమే. ఈ లెక్కలో క్రిటికల్ దెబ్బలను, పోరాట శైలిని చేర్చలేదు.

అంకెలు ఇలా ఉన్నా, ఈ మిశ్రమ పాత్ర కోల్పోయినవి కూడా చిన్నవి కావు: 6వ స్థాయి రెట్టింపు నైపుణ్యాలు, ఇవేజన్, గుణాలు పెంచుకొనే ఒక అవకాశం. తాళాలు, ఉచ్చులు, మాటల మాయలు ఎక్కువగా ఉండే కథలో ఈ నష్టం పోరాటంలోని లాభం కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

రేంజర్

అడవులలో తిరిగే రేంజర్‌కు, నగరాలలో తిరిగే రోగ్‌కు పని ఒకటే, చోటు వేరు. 2017లో వచ్చిన జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ అనే గ్రంథంలోని గ్లూమ్ స్టాకర్ ఉపక్లాసు ఈ కలయికకు పేరు తెచ్చింది. పోరాటం మొదటి వంతులో అదనపు దెబ్బ, చీకటిలో చూడగల ప్రాణులకు సైతం చీకటిలో కనబడకపోవడం దాని లక్షణాలు. దీనికి రోగ్ అసాసిన్ ఉపక్లాసు తోడైతే, 2014 నియమాల ప్రకారం ఏమరుపాటున దొరికిన శత్రువుకు తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్ అవుతుంది. స్నీక్ అటాక్ పాచికలతో సహా అన్ని పాచికలూ రెట్టింపు.

ఆచరణలో ఇది చెప్పుకున్నంత తరచుగా జరగదు. శత్రువు ఏమరుపాటున దొరకడం డంజన్ మాస్టర్ నిర్ణయం మీద, జట్టులో ఇనుప కవచం తొడిగిన మిత్రుడు చప్పుడు చేయకపోవడం మీద ఆధారపడి ఉంటుంది. 2024 సవరణలో అసాసిన్‌కు క్రిటికల్ హామీ తొలగించి, మొదటి ఆవృతంలో స్నీక్ అటాక్ తగిలితే రోగ్ స్థాయితో సమానమైన అదనపు గాయం మాత్రం ఇచ్చారు. పాత సలహాలు చదివి పాత్రను నిర్మించుకొనేవారు ఈ తేడాను తప్పక గమనించాలి.

బార్బేరియన్

ఆవేశంతో పోరాడే బార్బేరియన్, పొంచి ఉండే రోగ్ ఒకే మనిషిలో ఉండడం వింతగా తోచవచ్చును. నియమాలను జాగ్రత్తగా చదివితే సంగతి అర్థమవుతుంది. స్నీక్ అటాక్‌కు కావలసినది ఫినెస్ ఆయుధం. దానిని చురుకుదనంతోనే వాడాలని ఎక్కడా లేదు. బార్బేరియన్ 2వ స్థాయిలో వచ్చే రెక్‌లెస్ అటాక్ ద్వారా బలంతో కొట్టే దెబ్బలకు ఎప్పుడు కావాలంటే అప్పుడు అడ్వాంటేజ్ లభిస్తుంది. కనుక రేపియర్‌ను బలంతో వాడితే ప్రతి వంతులోనూ స్నీక్ అటాక్‌కు దారి దొరికినట్లే. బదులుగా శత్రువులకు కూడా తనపై అదే సౌకర్యం ఇచ్చినట్లవుతుంది. ఆవేశంలో ఉండగా ఆయుధాల గాయం సగం అవుతుంది. దానికి అన్‌కానీ డాడ్జ్ తోడైతే 24 అంకాల దెబ్బ 6కు దిగుతుంది. ఆవేశంలో మంత్రాలు పనిచేయవు కాబట్టి ఆర్కేన్ ట్రిక్‌స్టర్‌లకు ఇది తగదు.

మంత్రశక్తి గల క్లాసులు

ఆర్కేన్ ట్రిక్‌స్టర్ 5వ కూర్పులో రోగ్ ఉపక్లాసుగా మారింది. వీరి మంత్రాలు బుద్ధి మీద ఆధారపడతాయి కనుక విజర్డ్ స్థాయిలు సహజంగా అతుకుతాయి. మంత్రశక్తిని లెక్కించేటపుడు వీరి రోగ్ స్థాయిలలో మూడవ వంతు మాత్రమే కలుపుతారు. విజర్డ్ ఒక్క స్థాయితోనే ఫైండ్ ఫెమిలియర్ మంత్రం దొరుకుతుంది. దానితో పిలిచిన గుడ్లగూబ శత్రువు దృష్టి మళ్ళించి రోగ్‌కు అడ్వాంటేజ్ కల్పిస్తుంది. ఒక్క స్థాయి ఖర్చుకు ఇంతకంటే మంచి ప్రతిఫలం అరుదు.

వార్‌లాక్ పాత్రలు మాయాంధకారంలో చూడగల డెవిల్స్ సైట్ శక్తిని, డార్క్‌నెస్ మంత్రాన్ని కలిపి వాడతారు. చీకటి తమకు మేలు చేసినా సహచరులను గుడ్డివారిని చేస్తుంది. కనుక జట్టులో ఈ ఎత్తు తగవులకు దారితీయడం మామూలే. ఆకర్షణ గుణం ఎక్కువగా ఉన్న స్వాష్‌బక్లర్ ఉపక్లాసు రోగ్‌కు బార్డ్ కూడా సరిపోతుంది. 2014 నియమాలలో వార్‌లాక్, క్లెరిక్, సార్సరర్ ఉపక్లాసులు 1వ స్థాయిలోనే వచ్చేవి. 2024లో అన్ని క్లాసులకూ ఉపక్లాసును 3వ స్థాయికి మార్చారు. ఒక్క స్థాయి తీసుకొని ఉపక్లాసు లాభంతో బయటపడే పద్ధతికి దీనితో అడ్డుకట్ట పడింది.

మంక్ క్లాసు రోగ్‌కు దగ్గరగా కనిపించినా అంతగా కలవదు. పిడిగుద్దులకు స్నీక్ అటాక్ వర్తించదు. ఇరువురి విద్యలూ ఒకే బోనస్ చర్య కోసం పోటీపడతాయి.

ఎప్పుడు మారాలి

స్నీక్ అటాక్ బేసి స్థాయిలలోనే పెరుగుతుంది కనుక, బేసి స్థాయికి చేరిన తరువాత మారడం లాభసాటి. 19 స్థాయిలు రోగ్, ఒక స్థాయి మరొకటి అయినవానికి పది పాచికలూ పూర్తిగా ఉంటాయి. 20వ స్థాయి విద్య ఒక్కటే పోతుంది. అయితే చాలా కథలు 20వ స్థాయికి చేరక ముందే ముగుస్తాయి. కనుక అంత దూరం చూసి పథకం వేయడం కంటే వచ్చే రెండు మూడు స్థాయిలలో పాత్ర ఎలా ఉంటుందో చూసుకోవడం మేలు.

ముఖ్యంగా జాగ్రత్త పడవలసినది మొత్తం 5వ స్థాయి వద్ద. ఆ స్థాయిలో ఫైటర్‌కు రెండవ దెబ్బ, విజర్డ్‌కు అగ్నిగోళం వస్తాయి. మూడు రోగ్, రెండు మరొకటిగా చీలిన పాత్రకు ఇవేవీ ఉండవు, అన్‌కానీ డాడ్జ్ కూడా ఉండదు. డంజన్ మాస్టర్ మాత్రం జట్టు 5వ స్థాయికి తగిన శత్రువులనే పంపుతాడు. మల్టీక్లాసింగ్ చేసిన రోగ్ పాత్రలు మరణించే అవకాశం ఎక్కువగా ఉండేది ఈ దశలోనే. 5 స్థాయిలు రోగ్‌గా పూర్తిచేసి ఆ తరువాత మారమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే.

ఇతర క్లాసులనుండి రోగ్ లోనికి

ఇతర క్లాసులవారు రోగ్‌లో సాధారణంగా ఒకటి రెండు స్థాయిలు మాత్రమే తీసుకుంటారు. ఒక్క స్థాయితో రెట్టింపు నైపుణ్యాలు రెండు, తాళాల పరికరాలలో ప్రావీణ్యం లభిస్తాయి. రెండవ స్థాయితో కన్నింగ్ యాక్షన్ వస్తుంది. రేంజర్లు, దూరం నుంచి విల్లుతో పోరాడే ఫైటర్లు దీనిని ఎక్కువగా కోరుకుంటారు. విజర్డ్ మాత్రం ఆలోచించుకోవాలి. తప్పించుకు పరుగెత్తడం నేర్చిన రెండు స్థాయిల కాలంలో అతడు ఒక అంతస్తు పెద్ద మంత్రాలను కోల్పోతాడు.

వీడియో ఆటలలో

ఈ నియమాలు కంప్యూటర్ ఆటల ద్వారా మరింత విస్తృతంగా ప్రచారమయ్యాయి. 2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ 2 లో 2వ కూర్పు నియమాలు వాడారు. అందులో ఇమోయెన్ అనే మానవ పాత్ర దొంగతనం విడిచి మంత్రవిద్యకు మారినది. లేరియన్ స్టూడియోస్ 2023లో విడుదల చేసిన బాల్డర్స్ గేట్ 3 లో 5వ కూర్పు నియమాలు ఉన్నా, గుణాలు 13 ఉండాలన్న నిబంధన తీసివేశారు. స్థాయిలు 12కు పరిమితం. అందులో థీఫ్ ఉపక్లాసుకు 3వ స్థాయిలో అదనపు బోనస్ చర్య ఇచ్చారు. బల్ల మీది ఆటలో ఇది లేదు. కొద్దిపాటి బంగారం చెల్లించి క్లాసులన్నిటినీ మళ్ళీ మొదటి నుంచి ఎన్నుకొనే వీలు కూడా ఆ వీడియో ఆటలో ఉన్నది. బల్ల వద్ద అటువంటి వీలు కావాలంటే డంజన్ మాస్టర్‌ను అడిగి చూడవలసిందే.